కట్టు గుడ్డ చుట్టిన బోల్టులు

మా రాజపాళయంలో బోల్టు ఉప్పు రుచి చూడాలంటే ఊరగాయ జాడీలో పడాలి. సముద్రం మాకు అంత దూరం. పడమర వైపు కొండలు, మిగతా వైపులంతా నూలు మిల్లులు. ఇలాంటి ఊళ్ళో పుట్టిన నేను తూత్తుకుడి రేవులో బోట్ల బోల్టులు విప్పుతూ, బిగిస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపాను. ఇప్పుడు పని విరమించి సొంత ఊళ్ళోనే ఉన్నాను. రేవు పనికి కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. వాళ్ళందరూ మొదట అడిగేది ఒకటే ప్రశ్న: "బోల్టు పట్టేస్తే ఏమి చెయ్యాల తాతా?"

పట్టేశాక చేసేది ఎవరైనా చేస్తారు. నూనె పోస్తారు, సుత్తితో తడతారు, వేడి చేస్తారు, ఆఖరికి తిట్టుకుంటూ కోసి పారేస్తారు. పట్టెయ్యకుండా చూడటమే అసలు పని. ఆ పని నాకు నేర్పింది మా ఫోర్‌మన్. ఆయన ఒకసారి ఆ పనిలోనే పొరబడ్డాడు. మీకు ఆ కథ చెబితే గ్రీజు గురించి వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

ఆయనదీ మా ఊరే. నాకు మామ వరస. సముద్రం మొహం చూడకముందు వయసంతా స్పిన్నింగు మిల్లులో యంత్రాల మధ్య పని చేసి వచ్చాడు. మా యార్డులో అందరూ తమిళంలో మాట్లాడుకునేవాళ్ళు. మేమిద్దరం మాత్రం తరతరాలుగా మా ఊళ్ళో నిలిచిన మా తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. మామ గొంతు పెద్దది, మా ఊరి మిల్లు మనుషుల గొంతు. రహస్యం చెప్పినా అవతలి గట్టుకు వినిపించేది. తెలుగు కాబట్టి సరిపోయింది.

ఏటా చేపల వేట ఆపే రోజులుంటాయి. అప్పుడు బోట్లన్నీ గట్టెక్కుతాయి. పెద్ద గొలుసుతో ఒక్కొక్క దాన్నీ వాలు మీదికి లాగి, అడుగు గీకి, చెక్క చూసి, ఇనుము చూసి, రంగు వేసి, వేట తెరిచే వేళకు మళ్ళీ నీళ్ళలోకి దించాలి. దించే ముందు మా యార్డులో ఒక వాడుక ఉండేది. మామ చిన్న సుత్తి పట్టుకుని బోటు చుట్టూ తిరిగి ముఖ్యమైన బోల్టుల్ని ఒక్కొక్కటే కొట్టి వినేవాడు. గట్టి బోల్టు గంటలా మోగుతుంది. లోపల ఉప్పు తిన్న బోల్టు కొబ్బరి చిప్పలా డొల్లగా పలుకుతుంది. ఆయన చెయ్యి ఎత్తితే యార్డులో మాటలు ఆగిపోయేవి, రంపాలు ఆగిపోయేవి, టీ కొట్టువాడు కూడా గ్లాసులు కడగడం ఆపేవాడు. అన్నీ విన్నాక బోటు పక్కన నిలబడి ఒకే మాట అనేవాడు: "పో." తెలుగులోనూ తమిళంలోనూ ఆ మాట ఒకటే కావడం మా అదృష్టం. ఆ మాట పడందే ఏ యజమానీ బోటు దించేవాడు కాదు. మామకు రేవులో ఉన్న ఆస్తి ఆ ఒక్క మాటే.

కొన్నాళ్ళకు సుత్తి నా చేతికొచ్చింది.

"నువ్వు కొట్టు అల్లుడా. నేను ఇట్లా ఎదురుగా నిలబడి వింటాను. కొట్టేవాడు వేరే, వినేవాడు వేరే ఉంటేనే పని సుద్ధంగా ఉంటాది."

నాకు పెద్దరికం వచ్చిందనుకున్నాను. ఆ వారమంతా సుత్తి పట్టుకునే భోజనానికి పోయాను.

ఆ సీజన్‌లోనే మామకు కొత్త ఆలోచన వచ్చింది. బోల్టులు ముందులా లేవని, ఉప్పు రానురాను ఎక్కువగా తింటోందని తరచు అనేవాడు. "ఇనుము సరుకే చెడిపోయింది అప్పా. ఒక్కటీ సరిగా మోగల్లా." నాకు బాగానే వినిపించేవి. అయినా ఆయన చెవి ముందు నా చెవి ఎంత అనుకుని ఊరుకునేవాణ్ణి.

ఒకసారి ఊరికి పోయి వస్తూ ఒక సంచి నిండా కట్టు గుడ్డ తెచ్చాడు. మా ఊరి పక్కన సత్రపట్టిలో ఇంటింటా నేసే గుడ్డ అది, ఆసుపత్రుల్లో గాయాలకు కట్టేది. తెల్లగా, పలచగా, జల్లెడలా ఉంటుంది. దాన్ని గ్రీజులో ముంచి బోల్టు చుట్టూ నాలుగు వరసలు చుట్టి, పైన రంగు పూశాడు.

"పుండుకు గాలి, దుమ్ము తగలకుండా కట్టు కడ్తాం కదా. బోల్టుకు ఉప్పు తగలకుండా ఇదీ అట్లానే. మన ఊరి గుడ్డ సముద్రానికి వచ్చింది, చూస్కో!"

రేవంతా నవ్వింది. మా యార్డుకు ఆసుపత్రి అని పేరు పడింది. బోటు తెచ్చినవాళ్ళు "రోగిని చేర్చుకుంటారా?" అని అడిగేవాళ్ళు. ఎగతాళికి భయపడి ఎవరూ తమ బోటుకు కట్టనివ్వలేదు. ఒక్కాయన ఒప్పుకున్నాడు. ఆయన మామకు పాత స్నేహితుడు. మేము ఆయన్ను ఆ వైపు అలవాటు ప్రకారం అణ్ణాచ్చి, అంటే పెద్దన్న, అనేవాళ్ళం. బోటు ఆయనది, నడిపేది ఆయన కొడుకు.

"మేస్తిరి మాట మీద ఇన్నేళ్ళు నా కొడుకును సముద్రం మీదికి పంపించాను. గుడ్డ మాట మీద పంపించలేనా?" అన్నాడు తమిళంలో. ఆ బోటు చుక్కానికి కొత్త బోల్టులు వేసి మామ తన చేత్తోనే కట్లు కట్టాడు.

చుక్కాని సంగతి మీకు తెలియకపోతే ఒక్క ముక్క. పైనుంచి దిగే ఇరుసును, నీళ్ళలో ఉండే రెక్కను రెండు ఇనుప పళ్ళేలు కలుపుతాయి. ఆ పళ్ళేలను పట్టుకునేవి ఆ బోల్టులు. అవి విరిగితే రెక్క ఊడి సముద్రం అడుక్కు పోతుంది. అప్పుడు బోటు అలలకు అడ్డం తిరుగుతుంది. వేట తెరిచే కాలంలో మా వైపు పడమర గాలి ఎంత విసురుగా ఉంటుందో చూసినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఒక ఏడాది గడిచింది. మళ్ళీ వేట ఆగింది, బోట్లు గట్టెక్కాయి. అణ్ణాచ్చి బోటు కట్లు చెక్కు చెదరలేదు. మామ గర్వంగా వాటి మీద వేలితో తట్టాడు. "విప్పాల్సిన పని లేదు. విప్పితే గాలి తగుల్తాది" అని మళ్ళీ రంగు మాత్రం పూయించాడు. అది చూసి ఇంకొంతమంది యజమానులు మెత్తబడ్డారు. రెండు మూడు బోట్లకు కట్లు కట్టడం కూడా మొదలైంది.

వేట తెరవడానికి రెండు రోజుల ముందు సత్రపట్టిలో నా బావమరిది బిడ్డకు చెవులు కుట్టే పండగ. వాళ్ళకు నాలుగు మగ్గాలు, పక్కనే గుడ్డను ఉడకబెట్టి చలువ చేసే షెడ్డు ఉన్నాయి. విందయ్యాక బావమరిది నన్ను షెడ్డులోకి లాక్కుపోయాడు. ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ తన సరుకు చూపించడం అతనికి జబ్బు.

"బావా, చూడు." నీళ్ళ తొట్టిలో చలువ చేసిన కట్టు గుడ్డ ముక్క ఒకటి వదిలాడు. పడీ పడగానే మునిగిపోయింది. "వేస్తూనే మునగాల! లేకుంటే సరుకు పాస్ కాదు. గాయంలో నీళ్ళు, రక్తం అంతా పీల్చేదానికే కదా ఇది. ఇప్పుడు ఇది చూడు." చలువ చెయ్యని కోరా గుడ్డ ముక్క వదిలాడు. అది ఆకులా తేలుతూనే ఉంది. "పత్తిలో పుట్టుకతో వచ్చిన మైనం ఉంటాది. దాన్ని ఉడకబెట్టి తీసేస్తేనే గుడ్డ నీళ్ళు తాగుతాది. ఏమి బావా, అట్లా చూస్తావు? మొహం మాడిపోయింది. విందులో పాయసం చాల్లేదా?"

మునిగిన ముక్కను చూస్తుంటే నా కళ్ళకు చుక్కాని బోల్టు కనిపించింది. నీళ్ళు తాగడానికే పుట్టిన గుడ్డను మేము ఏడాది పాటు సముద్రంలో బోల్టుకు చుట్టి ఉంచాం. గ్రీజు మెల్లగా కడుక్కుపోతుంది, గుడ్డ ఉప్పునీళ్ళు పీల్చి పట్టుకుని ఉంటుంది, పైన రంగు దాన్ని ఆరనివ్వదు. ఊపిరాడని తడిలో స్టెయిన్‌లెస్ బోల్టు కూడా గుంటలు పడుతుంది. మావి మామూలు ఇనుము.

సాయంత్రం బస్సులో ఊరికి వచ్చి, తెల్లవారే తూత్తుకుడి బస్సెక్కాను. డైరీ రాయడం నాకు చిన్ననాటి నుంచి అలవాటు. ఆ రోజు పేజీ తీస్తే "పండగ బాగా జరిగింది. పాయసంలో తీపి తక్కువ" అని మాత్రమే ఉంది. మనసులో ఉన్నది రాయాలంటే చెయ్యి రాలేదు.

యార్డుకు చేరేసరికి అణ్ణాచ్చి బోటు వాలు అంచున నీళ్ళ వైపు తిరిగి సిద్ధంగా ఉంది. మర్నాడే వేట తెరుస్తారు. బోటు మీద కొడుకు వలలు సర్దుతున్నాడు. మామ, అణ్ణాచ్చి నీడలో కూర్చుని టీ తాగుతున్నారు. నేను మామ దగ్గరికి పోయి తెలుగులో చెప్పాను.

"మామా, చుక్కాని కట్టు ఒకటి విప్పి చూస్తాం."

"ఆఁ?"

మళ్ళీ గట్టిగా చెప్పాను. తొట్టి సంగతి కూడా చెప్పాను. మామ మొహం ఎర్రబడింది.

"నీ బామ్మర్ది తొట్టిలో నీళ్ళు చూసొచ్చి నాకు సముద్రం చెప్తావా? నా గుడ్డ ఒక్క పోగు ఊడిందా? చెప్పు, ఊడిందా?"

"ఊడలేదు మామా. అదే భయం."

"మీ ఇద్దరికీ ఏమిటి గొడవ?" అన్నాడు అణ్ణాచ్చి తమిళంలో. "తెలుగులో తిట్టుకుంటే నాకు కారం తెలియదనుకున్నారా?"

"ఇంటి వ్యవహారం అణ్ణాచ్చి, మీరు తాగండి" అన్నాడు మామ. అని లేచి నా వెంట వచ్చాడు. "ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటే విప్పు. నీ నోరు మూయించేదానికి."

చుక్కాని రెక్క పెద్దది. నేను దాని వెనక్కి దూరి కూర్చున్నాను. మామ ఇవతల నిలబడ్డాడు. మధ్యలో రెక్క ఉంది కాబట్టి ఒకరికొకరం కనబడం. కట్టు మీద రంగు గీకి కత్తితో కోశాను. లోపలి గుడ్డ తడిగా, గోధుమ రంగుగా ఉంది. కుళ్ళిన వాసన వేసింది. విప్పి, సుత్తితో కొట్టాను. డబ్ అంది, మట్టి గోడను కొట్టినట్టు.

రెక్క అవతలి నుంచి మామ గొంతు వినిపించింది. "చూసినావా? ఎంత బాగుండాదో!"

నాకు అర్థం కాలేదు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ డబ్.

"అవునవును. బాగుండాది. బయటికి రా."

నా పక్కనే ఇరుసు పై భాగంలో కట్టు కట్టని పాత బోల్టు ఒకటి ఉంది. దాన్ని కొట్టాను. ణంగుమని మోగింది. బోటు మీద కొడుకు కూడా తల తిప్పి చూశాడు. మామ ఏమీ అనలేదు. కాసేపాగి, "ఏమప్పా, కొట్టేది నిలిపినావా?" అన్నాడు.

నేను కొట్టినంత కాలం ఆయన ఎప్పుడూ నాకు ఎదురుగానే నిలబడేవాడు. ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. ఆయన విన్నది బోల్టును కాదు. చూసింది నా మొహాన్ని.

బయటికి వచ్చి స్పానరు ఆయన చేతికిచ్చాను. మామ రెక్క వెనక్కి వంగి బోల్టు తలకు తగిలించి కొద్దిగా ఒత్తాడు. బలం పెట్టనే లేదు. బోల్టు మెడ దగ్గర తెగి, తల ఆయన అరచేతిలో పడింది. మిగిలిన ముక్కను తోసి తీస్తే నడుము డమరుకంలా సన్నబడి ఉంది. మామ దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత, ఆయన జీవితంలో మొదటిసారి అనుకుంటాను, మెల్లగా మాట్లాడాడు.

"ఇది ఎట్లా పలికింది అల్లుడా?"

"డొల్లగా మామా."

"నాకు అన్నీ అట్లానే పలుకుతా ఉండె. ఉప్పు తింటా ఉండాదనుకుంటిని. అందుకే గుడ్డ తెచ్చినాను. ఈ బోటుకు కొత్త బోల్టులు వేసి కొడ్తే, కొత్తదీ మోగల్లా." విరిగిన ముక్కను గుప్పిట్లో బిగించాడు. "చెడింది ఇనుము కాదని అప్పుడు తెలిసింది. మిల్లు తినేసింది చెవిని. మా నాయనకూ ఇదే. అయినా కట్టు కట్టేసినాను. కట్టు ఉంటే కొట్టే పని లేదు. కొట్టకపోతే వినే పని లేదు."

మా ఊళ్ళో మిల్లు చెవుడు ఇంటికి ఒకరికి ఉంటుంది. అది ముందు సన్నని మోతల్ని తింటుంది, మొద్దు చప్పుళ్ళను వదిలేస్తుంది. ఎవరూ దాన్ని జబ్బు అనరు. గట్టిగా మాట్లాడి గడిపేస్తారు.

బోల్టు తలను చొక్కా జేబులో వేసుకుని మామ అణ్ణాచ్చి దగ్గరికి నడిచాడు. అబద్ధం చెప్పడానికి అవకాశం ఉంది. యంత్రంలో నూనె కారుతోందని చెబితే సరిపోయేది. కానీ విరిగిన బోల్టు తీసి ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, తమిళంలో చెప్పాడు: "రేపు బోటు పోదు. నా కట్టు తప్పు."

అణ్ణాచ్చి లేచి నిలబడ్డాడు.

"రేపు రేవు మొత్తం పోతుంది మేస్తిరి! ఇన్నాళ్ళు పస్తున్న మనుషులు. నా బోటొక్కటే ఆసుపత్రిలో రోగిలా గట్టు మీద పడుకుని ఉంటుందా? నా మనుషులు పక్క బోటెక్కి పోతే నేనెవరితో పోవాలి? ఒక్క రోజుకు ఏమవుతుంది? వెళ్ళి వచ్చాక మార్చు!"

"మారుస్తాను. ముందు మారుస్తాను."

"నువ్వు అనకపోయినా దించుతాను!"

బోటు మీది నుంచి కొడుకు తొంగి చూశాడు. "అప్పా, ఆయన పో అనలేదు" అన్నాడు. అంతే. మళ్ళీ వలలు సర్దుకున్నాడు. ఈసారి విప్పి మడత పెడుతున్నాడు.

అణ్ణాచ్చి మాతో మాట్లాడటం మానేసి, పోకుండా అక్కడే కూర్చున్నాడు. మేము పని మొదలుపెట్టాం. చుక్కాని కట్లన్నీ కోసేశాం, ఈ మధ్యే మిగతా బోట్లకు కట్టినవి కూడా. కొన్ని బోల్టులు చేత్తో తిరిగాయి, కొన్ని నూనె తాగి, దెబ్బలు తిని, కొద్దిగా బిగువు వైపు తిప్పాక గానీ వదలలేదు. పట్టేసిన దాన్ని ముందు కాస్త బిగించి, తర్వాత వదులు చెయ్యాలి. ఒకే వైపు లాగితే మొండి మనిషిలా విరుగుతుంది గానీ వంగదు. ఆ తర్వాత, ఇప్పటికీ నేను అందరికీ చెప్పే పద్ధతిలో చేశాం. రంధ్రాలు మంచినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనిచ్చాం. ఇనుముకు ఇనుమే వేశాం. ఇత్తడి తగిలే చోట మధ్యలో రబ్బరు వాషరు పెట్టాం. గ్రీజు పైన పుయ్యలేదు, మరలు నిండేలా లోపల పట్టించాం. బోల్టుకు రక్షణ లోపల ఉండాలి. మేము పైన కట్టాం, అదే తేడా.

మర్నాడు రేవు ఖాళీ అయింది. అన్ని బోట్లూ తెల్లవారక ముందే జెండాలతో, పాటలతో పోయాయి. అణ్ణాచ్చి మనుషుల్లో ఒక్కడు మాత్రం పక్క బోటెక్కాడు. మిగతావాళ్ళు మా వాలు దగ్గర కూర్చుని మమ్మల్ని చూస్తూ ఆవలించారు. మధ్యాహ్నానికి అణ్ణాచ్చి కోపం టీకి లొంగింది.

ఆఖరి బోల్టు ఒక్కటి తప్ప పని ముగిసింది గానీ అసలు చిక్కు అప్పుడొచ్చింది. కొట్టి వినాలి. "పో" అనాలి. అందరూ చూస్తున్నారు. మామ నా వైపు చూశాడు.

"నువ్వే అనేసెయ్ అల్లుడా. నీ చెవి నమ్మకం."

"నా మాట ఎవరు వింటారు మామా? మీరే అనాల."

"విననిదే ఎట్లా అనేది?"

సుత్తి పట్టుకుని రెక్క వెనక్కి పోయి కూర్చున్నాను. మామ ఇవతల వైపు నట్టు మీద అరచెయ్యి ఆనించాడు. "కొట్టు" అన్నాడు. కొట్టాను. మోగింది. రెక్క పక్కనుంచి తొంగి చూశాను, ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. "ఇంకొకటి." కొట్టాను. తర్వాత నేను ఒక ఎత్తు వేశాను. తీసి పక్కన పడేసిన పాత బోల్టు ఒకటి, కొత్త నట్టుతో కలిపి, ఖాళీగా ఉన్న రంధ్రంలో వేలితోనే బిగించి, మామ చెయ్యి దాని నట్టు మీదికి వచ్చాక కొట్టాను. అరచెయ్యి చురుక్కున వెనక్కి పోయింది.

"ఇది చచ్చింది! ఎవడు పెట్టినాడు దీన్ని?"

"నేనే మామా."

"పరీక్షా? మీ అత్తకు చెప్తాను ఉండు." ఆ గొంతు మళ్ళీ అవతలి గట్టుకు వినిపించేంత అయింది. "చెయ్యి వింటా ఉండాది అల్లుడా. మిల్లు చేతిని తినల్లా!"

ఆ రంధ్రానికి కొత్త బోల్టు వేసి మళ్ళీ కొట్టాను, మామ తల ఊపాడు. తర్వాత బోటు చుట్టూ తిరిగాం. నేను ఒక వైపు కొట్టేవాణ్ణి, ఆయన మరో వైపు చెయ్యి ఆనించేవాడు. మాటలు ఆపమని చెయ్యి ఎత్తాల్సిన అవసరం ఇక లేదు. రంపాలు తిరుగుతున్నా, టీ గ్లాసులు గలగలలాడుతున్నా ఆయన పని ఆయన చేసుకుపోయాడు.

"ఇదేం కొత్త పూజ మేస్తిరి?" అన్నాడు అణ్ణాచ్చి.

"నాడి చూస్తున్నాను అణ్ణాచ్చి. ఆసుపత్రి అన్నది మీరే కదా."

అణ్ణాచ్చి నవ్వాడు. రెండు రోజుల్లో అదే మొదటిసారి.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు మైనం నింపిన పట్టీలు మా రేవు దుకాణాల్లోకి వచ్చాయి, సరిగ్గా బోల్టులకు చుట్టడానికే. మామ ఆలోచన తప్పు కాదు, ఎంచుకున్న గుడ్డ తప్పు. ఆయన మైనం తీసిన గుడ్డ తెచ్చాడు. సత్రపట్టి గుడ్డ ఎంత గొప్పదైతే బోల్టుకు అంత చెడ్డది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. మిగిలిపోయిన సంచి గుడ్డ మాత్రం వృథా కాలేదు. చేతులు తెగే పని మాది.

ఆ సాయంత్రం బోటు గొలుసు వదలడానికి సిద్ధమయ్యారు. అణ్ణాచ్చి కొడుకు చుక్కాని పట్టుకుని నిలబడి మామ వైపు చూశాడు. మామ ఆఖరిసారి చుక్కాని నట్టు మీద చెయ్యి పెట్టి, తీసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"పో."

బోటు వాలు మీద జారి నీళ్ళను కొట్టింది. ఆ చప్పుడుకు గట్టు మీది కాకులన్నీ లేచాయి. మామకు వినిపించిందో లేదో నాకు తెలియదు. ఆయన చెయ్యి మాత్రం బోటు వెళ్ళిన వైపు చాపే ఉంది, అరచెయ్యి తెరిచి.